వీస్బీ గోతుల్లోంచి లేచిన కవచాలు: ఐరోపా మధ్యయుగ జాతరల వెనక ఏముంది?

స్వీడన్ తూర్పు తీరానికి అవతల, బాల్టిక్ సముద్రం నడుమ గోట్లాండ్ అనే దీవి ఉంది. దాని ముఖ్య పట్టణం వీస్బీ. ఏటా ఆగస్టులో, స్వీడన్ క్యాలెండర్ లెక్కన 32వ వారంలో, ఆ ఊళ్లో ఎటు చూసినా ఉన్ని అంగీలు, అవిసె నారతో నేసిన చొక్కాలు, తలకు ముసుగులు, నడుముకు తోలు సంచులు. మూడున్నర కిలోమీటర్ల పొడవున్న పాత రాతి ప్రాకారం నీడన గుడారాలు వెలుస్తాయి. ఒకచోట కమ్మరి కొలిమి రాజేస్తాడు, ఇంకోచోట ఓ ఆడమనిషి కదురు తిప్పుతూ ఉన్ని వడుకుతుంది, మైదానంలో గుర్రాల మీద వీరులు బల్లేలు ఎక్కుపెట్టి ఎదురెదురుగా దూసుకొస్తారు. 1984లో మొదలైన ఈ మధ్యయుగ వారం ఉత్తర ఐరోపాలో పేరుమోసిన జాతరల్లో ఒకటి. రోజూ ఆఫీసులకూ ఆస్పత్రులకూ బడులకూ వెళ్లి పనిచేసుకునే మామూలు మనుషులు సెలవులు దాచుకుని మరీ ఇక్కడికి వచ్చి, 14వ శతాబ్దపు జనంలా మసలుతారు.

ఇలాంటి జాతరలు ఐరోపా అంతటా ఉన్నాయి. జర్మనీలో వేసవి వారాంతం వచ్చిందంటే ఏదో ఒక కోట పక్కన మధ్యయుగ సంత ఉండి తీరుతుంది. ఎస్‌లింగెన్ పట్టణంలో అయితే డిసెంబరు చలిలో, క్రిస్మస్ సంతతో కలిపి జరుగుతుంది. ఇంగ్లండ్‌లో 1066 నాటి హేస్టింగ్స్ పోరును అక్టోబరులో మళ్లీ ఆడి చూపిస్తారు. పోలండ్‌లో గ్రున్వాల్ద్ మైదానం, ఫ్రాన్స్‌లో ప్రొవాన్ పట్టణం, బవేరియాలో లాండ్స్‌హూట్, ఇటలీలో అరెత్సో ఇందుకు పేరుపడ్డవి. చూసిపోయేవాళ్లకు ఇదంతా ఓ పూట వినోదం. వేషం కట్టేవాళ్లలో చాలామందికి మాత్రం ఏళ్ల తరబడి చదువు, కుట్టుపని, ఖర్చు, వాదోపవాదాలు కలిసిన వ్యాపకం. వాళ్లను రీఎనాక్టర్లు అంటారు. ఈ వ్యాపకంలో నిజంగా విలువైనది కత్తులూ గుర్రాలూ ఇచ్చే ఉత్సాహం కన్నా, ‘దీనికి ఆధారం ఏమిటి?’ అని ఒకరినొకరు నిలదీసుకునే అలవాటు. ఆ ప్రశ్న గట్టిగా వినిపించినచోట గతం గురించి కొత్త సంగతులు తెలుస్తాయి. అది మూగబోయినచోట గతం ఎవరు ఎటు వంచితే అటు వంగుతుంది. ఈ రెండింటికీ ఐరోపాలోనే కావలసినన్ని ఉదాహరణలు ఉన్నాయి.

ప్రాకారం బయట చనిపోయినవాళ్లు

వీస్బీ జాతర జరిగే నేల మామూలు నేల కాదు. 1361 జులై చివర్లో డెన్మార్క్ రాజు నాలుగో వాల్డెమార్ గోట్లాండ్ మీదికి సేనతో దిగాడు. ఎదురు నిలిచింది దీవిలోని పల్లెల రైతులు. పట్టణంలో ఉన్నది ధనిక వర్తకులు. హన్సా వ్యాపార కూటమిలో వీస్బీది పెద్ద పేరు. రైతులు ప్రాకారం గోడ ముందే నరికివేతకు గురవుతుంటే పట్టణం ద్వారాలు తెరుచుకోలేదు. ఆ రోజు సుమారు 1,800 మంది గోట్లాండ్ వాళ్లు చనిపోయారని అంచనా. ఆ తర్వాత పట్టణం లొంగిపోయి తన వ్యాపారాన్ని కాపాడుకుంది. చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా నిలిపిన రాతి శిలువ ఇప్పటికీ అక్కడే ఉంది. వీస్బీ ద్వారాల ముందు డెన్మార్క్ వాళ్ల చేతుల్లో కూలిన గోట్లాండ్ జనం ఇక్కడ సమాధి అయ్యారనీ, వాళ్ల కోసం ప్రార్థించమనీ దాని మీద లాటిన్‌లో చెక్కి ఉంది.

అది మండు వేసవి. అన్ని శవాల మీది కవచాలూ విప్పే తీరిక లేక, చాలామందిని ఉన్నవాళ్లను ఉన్నట్టే గోతుల్లో వేసి పూడ్చారు. కోర్స్‌బెత్నింగెన్ అనే ఆ చోట 1905లో మొదలై 1930 దాకా విడతల వారీగా తవ్వకాలు జరిగాయి. 1,185 మంది ఎముకలు బయటపడ్డాయి. వాళ్లలో మీసాలు మొలవని కుర్రాళ్లున్నారు, ముసలివాళ్లున్నారు. ఎముకలతో పాటు వచ్చిన ఇనుము యుద్ధ చరిత్రకారులకు పెన్నిధి అయింది. మధ్యయుగపు కవచాల్లో ఎక్కువ భాగం తుప్పుపట్టో, కరిగించి వేరే వస్తువులుగా మలచడం వల్లో మాయమయ్యాయి. మిగిలినవి సాధారణంగా రాజులవీ ప్రభువులవీ. మామూలు సిపాయి ఒంటి మీద ఏముండేదో ఇంత పెద్ద మోతాదులో చూపించిన చోటు ఐరోపాలో ఇంకొకటి లేదనే చెప్పాలి.

దొరికినవాటిలో ముఖ్యమైనది పలకల కవచం. చిన్నా పెద్దా ఇనప రేకులను మందపాటి బట్టకో తోలుకో లోపలివైపు పేర్చి రివెట్లతో బిగిస్తారు. బయటినుంచి చూస్తే చేతుల్లేని కోటులా కనిపిస్తుంది, రివెట్ల తలలు మాత్రమే పైకి తేలి ఉంటాయి. మట్టిలో బట్టా తోలూ చివికిపోయి రేకులూ రివెట్లూ మిగిలాయి. బెంగ్ట్ థోర్డెమాన్ అనే పురావస్తు పండితుడు రేకుల వంపునూ, అవి పడి ఉన్న వరుసనూ, రివెట్ల బెజ్జాల మధ్య ఎడాన్నీ చూసుకుంటూ ఏ రేకు ఒంట్లో ఎక్కడ ఉండేదో తేల్చాడు. వాటిని రకాలుగా విడదీసి 1939–40లో పుస్తకంగా వేశారు. కవచం భుజాల మీద తగులుకుంటుందా, వీపు వెనక కట్టుకుంటుందా, పక్కన బకిల్స్‌తో బిగుస్తుందా అన్నది కూడా ఆ రేకుల అమరికే చెప్పింది. ఈనాడు 14వ శతాబ్దపు కాలిబంటుగా వేషం కట్టాలనుకునే ఐరోపా కుర్రాడు ఆ రేకుల పటాలు ముందేసుకుని, తన ఛాతీ చుట్టుకొలతకు సరిపోయేలా అట్టముక్కలు కత్తిరించి చూసుకుని, ఆ తర్వాతే ఉక్కు రేకుకు కత్తెర పెడతాడు. తను వేసుకున్నది ఓ హతుడి కవచానికి నకలని అతనికి తెలుసు.

ఎముకలు చెప్పిన సంగతి ఇంకోటి ఉంది. దెబ్బలు ఎక్కువగా పడింది కాళ్ల మీద, మోకాలి కింద. తలల మీదా పడ్డాయి, గొలుసు ముసుగు పుర్రెకు అంటుకుపోయి దొరికినవి కూడా ఉన్నాయి. డాలు కాపాడలేని చోటే కత్తి వెతుక్కుందన్నమాట. జాతర యుద్ధాలు ఇలా సాగవు. చాలా బృందాల నియమాల్లో తలకూ ముఖానికీ దెబ్బ వేయడం నిషేధం. అంచులు మొద్దు చేసిన కత్తులు, అదుపు చేసుకుని వేసే దెబ్బలు, దెబ్బ తగిలినవాడు తనంతట తానే పడిపోవాలన్న మర్యాద. ఇవి లేకపోతే సాయంత్రానికి ఎవరూ ఇంటికి చేరరు. కానీ నియమం మారితే పోరాటం తీరే మారిపోతుంది. తలను కాచుకోనక్కర్లేనివాడు డాలును వేరేచోట పట్టుకుంటాడు, అతని అడుగులు వేరుగా పడతాయి. అందుకే ఆటలో చూసిన యుద్ధాన్నిబట్టి అసలు యుద్ధం ఇలాగే ఉండేదని ఎవరైనా అంటే నమ్మడానికి లేదు. కవచం బరువు భుజాన్ని ఎక్కడ కోస్తుందో, ముసుగు వేసుకున్నాక పక్కవాడి కేక ఎంతవరకు వినిపిస్తుందో, పలకల కవచంలో వంగి బూటు తాడు కట్టుకోవడం సాధ్యమేనా అన్నవి మాత్రం ఒంటి మీద వేసుకుంటేనే తెలుస్తాయి. రీఎనాక్టర్లు చరిత్రకు చేస్తున్న మేలు ఇలాంటి చిన్న సంగతుల దగ్గరే ఉంది.

కుట్టుపని, వంట, ‘ఆధారం ఏది?’

యుద్ధం సంవత్సరంలో కొన్ని గంటలు. మిగతా కాలమంతా సూదీ దారమే. మధ్యయుగపు మామూలు బట్టలు నిలిచి ఉండటం చాలా అరుదు. ఉన్నవాటిలో రెండు చోట్ల దొరికినవి ఈ లోకానికి ఆధారగ్రంథాల్లాంటివి. ఒకటి గ్రీన్‌లాండ్ దక్షిణ కొసన ఉన్న హెర్యోల్ఫ్స్‌నెస్. అక్కడ నార్స్ వలసవాళ్లు, అంటే స్కాండినేవియానుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు, తమ చనిపోయినవాళ్లను ఎక్కువగా పెట్టెల్లో పెట్టకుండా వాళ్ల బట్టల్లోనే చుట్టి పూడ్చారు. గడ్డకట్టిన నేల ఆ బట్టలను కాపాడింది. 1921లో పౌల్ నర్లుండ్ తవ్వి తీశాడు. రెండోది స్వీడన్ నైరుతి భాగంలోని బోక్స్‌టెన్ బురదనేల. 1936లో అక్కడ ఓ మనిషి దేహం దొరికింది. ఎవరో చంపి, శరీరంలోంచి కొయ్య మేకులు దిగ్గొట్టి బురదలో అణచిపెట్టారు. అతని ఒంటి మీద అంగీ, పైవస్త్రం, ముసుగు, కాళ్లకు ఉన్ని తొడుగులు అన్నీ ఉన్నాయి. 14వ శతాబ్దపు మగవాడి దుస్తులు ఇంత పూర్తిగా దొరకడం అపురూపం.

ఆ అంగీల కత్తిరింపు చూస్తే బట్ట విలువ ఏపాటిదో అర్థమవుతుంది. వెడల్పైన పానాను ఇష్టం వచ్చినట్టు గుండ్రంగా కోసి మిగిలింది పారేసే పద్ధతి కనిపించదు. వీలైనంతవరకు నిలువు ముక్కలు, వాటి మధ్య త్రికోణాలు. నడుము దగ్గర బిగువుగా ఉండి కిందికి వచ్చేసరికి విచ్చుకునే గేరు అంతా ఆ త్రికోణాల చలవే. గొర్రె ఒంటి మీంచి ఉన్ని కత్తిరించి, ఏకి, కదురు మీద వడికి, నేసి, తొక్కి గట్టిపరిచేదాకా ఎన్ని నెలల చాకిరీ ఉందో తెలిసినవాళ్లు గుడ్డముక్క పారేయలేరు. రంగుల సంగతీ అంతే. మధ్యయుగమంటే మురికి గోధుమరంగు అని తెరమీద అలవాటు పడ్డవాళ్లకు రీఎనాక్టర్ల గుడారాలు కొత్తగా కనిపిస్తాయి. మంజిష్ఠ జాతి వేరుతో ఎరుపు, వోడ్ ఆకుతో నీలం, వెల్డ్ మొక్కతో పసుపు పుట్టించేవాళ్లు. ఈ మూడింటి కలయికతో ఆకుపచ్చ, నారింజ, ఊదా వచ్చేవి.

తిండి దగ్గర పరీక్ష ఇంకా కఠినం. నిక్కచ్చిగా ఉండే బృందాల వంటపాత్రల్లో ఆలుగడ్డ ఉండదు, టమాటా ఉండదు, మొక్కజొన్న ఉండదు, మిరపకాయ ఉండదు. ఇవన్నీ 1492 తర్వాత అమెరికా ఖండాలనుంచి వచ్చినవే. తెలుగువాళ్లకు ఈ సంగతి చప్పున తగులుతుంది, ఎందుకంటే మన వంటింట్లోకీ అవి వచ్చింది ఆ తర్వాతే. కాకతీయుల ఓరుగల్లులో కారమంటే మిరియాలూ పిప్పళ్లూ అల్లమే. మలబారు మిరియాలు అదే కాలంలో అరబ్బు, వెనీస్ వర్తకుల చేతులు మారుతూ ఐరోపా ధనికుల వంటశాలలకూ చేరేవి. జర్మనీ మధ్యయుగ సంతల్లో మాత్రం వేయించిన ఆలుగడ్డలు పొగలు కక్కుతూ అమ్ముడవుతాయి. కొమ్ముబూరల్లో తేనె మద్యం తాగుతారు, కొమ్ముల శిరస్త్రాణాలు పెట్టుకుంటారు. స్కాండినేవియా సముద్ర యోధులైన వైకింగ్‌లకు అలాంటి కొమ్ములున్నట్టు ఏ తవ్వకమూ చెప్పలేదు. ఆ రూపానికి జనంలో గట్టి ముద్ర వేసింది 19వ శతాబ్దపు జర్మన్ ఒపేరా రంగస్థలం.

దీంతో ఈ లోకం రెండుగా చీలింది. సంతకు టికెట్టు కొని వచ్చి, అద్దె అంగీ తొడుక్కుని, బ్యాగ్‌పైప్ పాటలకు ఊగి వెళ్లేవాళ్లు ఒకవైపు. మ్యూజియం ఆవరణల్లో తప్ప గుడారం వేయని, చేతికుట్టు తప్ప మిషన్ కుట్టు కనపడనివ్వని బృందాలు ఇంకోవైపు. రెండోవాళ్లలో మరీ వేలెత్తి చూపేవాళ్లకు జర్మన్ బృందాల్లో ఎత్తిపొడుపు పేరే ఉంది: ‘ఆ-పాప్స్ట్’, అంటే ప్రామాణికత విషయంలో తనే పోప్, తన మాటే శాసనం అనుకునేవాడు అన్నట్టు. ఆ ఎత్తిపొడుపులో న్యాయం లేకపోలేదు. కొత్తగా వచ్చిన పిల్లవాడి చెప్పుల కుట్టు చూసి నలుగురిలో చిన్నబుచ్చితే ఆ పిల్లవాడు మళ్లీ రాడు. చేతినేత ఉన్నితో పూర్తి వేషానికి అయ్యే ఖర్చు అందరూ భరించలేరు కూడా. అయినా నిక్కచ్చితనం వైపే తూకం మొగ్గాలి. అడిగేవాడు లేకపోతే కొమ్ముల శిరస్త్రాణమే చరిత్ర అయి కూర్చుంటుంది.

నిక్కచ్చితనంలోనూ ఓ చిక్కు ఉంది, మంచి బృందాలు దాన్ని గుర్తించాయి. ఒక్క సమాధిలో దొరికిన ఒక్క బకిల్ నచ్చితే, వంద మంది అదే బకిల్ నకలు పెట్టుకు తిరుగుతారు. ఆ సమాధి ఓ గొప్పింటివాడిదై ఉండొచ్చు, ఆ బకిల్ వేరే దేశంనుంచి వచ్చిందై ఉండొచ్చు. ఆధారం నిజమే, దాన్నుంచి పుట్టిన దృశ్యం అబద్ధం. అందుకే తవ్వకంలో దొరికిన వస్తువు, ఆ కాలపు బొమ్మ, ఆ కాలపు రాత, ఈ మూడింటిలో కనీసం రెండు ఒకే మాట చెప్తేనే వేషంలోకి తీసుకోవాలన్న పద్ధతి వచ్చింది. కత్తిసాము నేర్చుకునేవాళ్లు కూడా ఇలాగే పాత రాతప్రతుల దగ్గరికి వెళ్లారు. 1300 ప్రాంతంలో జర్మన్ నేలమీద రాసి, ఇప్పుడు ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో రాయల్ ఆర్మరీస్ దగ్గరున్న చిన్న డాలు, కత్తి సాము గ్రంథాన్నీ, 15వ శతాబ్దం తొలినాళ్లలో ఇటలీ గురువు ఫియోరె దెయి లిబెరి రాసినవాటినీ బొమ్మ బొమ్మకూ అర్థం చేసుకుంటూ సాధన చేస్తారు.

ఈ వేషాల్లో భారతదేశం వాటా తక్కువేమీ కాదు. కొత్తవాళ్లు ఐరోపా దుకాణాల్లో కొనే గొలుసు కవచాలు, శిరస్త్రాణాలు, మొద్దు కత్తుల్లో చాలావరకు ఇక్కడ తయారై ఎగుమతి అయ్యేవే. గూర్ఖా సైనికుల కుక్రీలు చేస్తూ 1943లో దెహ్రాదూన్‌లో మొదలైన విండ్‌లాస్ స్టీల్‌క్రాఫ్ట్స్ ఈ రంగంలో అంతర్జాతీయంగా తెలిసిన పేరు. గొలుసు కవచమంటే వేలకు వేల ఉక్కు కడియాలు. ఒక్కో కడియాన్నీ నాలుగు కడియాల్లోంచి దూర్చి, కొసలు చదును చేసి, బెజ్జం వేసి, గోరంత రివెట్ పెట్టి నొక్కాలి. యంత్రం తేలిగ్గా చేయలేని పని. మధ్యయుగంలో దాని ధరంతా ఆ చాకిరీ ధరే, ఇప్పుడూ అంతే, కాకపోతే ఆ చాకిరీ కూలి తక్కువ ఉన్న దేశానికి తరలింది. నూలు వడికిన ఆడవాళ్ల గురించీ కమ్మరుల గురించీ అంత శ్రద్ధగా మాట్లాడే లోకం, తను తొడుక్కున్న కవచాన్ని ఈ శతాబ్దంలో అల్లిన చేతుల గురించి కూడా మాట్లాడాలి.

అసలు సంతలో ఏముండేది

ఫ్రాన్స్‌లోని ప్రొవాన్ ఇప్పుడు వేసవిలో మధ్యయుగ ఉత్సవం జరుపుతుంది, 2001లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. 12, 13వ శతాబ్దాల్లో అది ఐరోపా వ్యాపారానికి గుండెకాయ. షాంపేన్ ప్రాంతపు ప్రభువులైన కౌంట్ల ఏలుబడిలో ప్రొవాన్, త్రువా, లాన్యీ, బార్-సూర్-ఓబ్ అనే నాలుగు ఊళ్లలో ఏడాది పొడవునా వంతులవారీగా ఆరు సంతలు జరిగేవి. ఉత్తరాన ఫ్లాండర్స్‌నుంచి ఉన్ని బట్టలు, దక్షిణాన ఇటలీనుంచి పట్టు, సుగంధ ద్రవ్యాలు అక్కడ కలుసుకునేవి. దారిలో వర్తకులకు రక్షణ కల్పిస్తామని కౌంట్లు హామీ ఇచ్చేవాళ్లు. తగవులు తీర్చడానికి సంత అధికారులుండేవాళ్లు, వాళ్ల తీర్పు ధిక్కరించినవాడి ఊరివాళ్లందరినీ సంతలోకి రానివ్వకుండా చేసే అధికారం కూడా వాళ్లకుండేది. ఒక సంతలో తీసుకున్న సరుకుకు మరో సంతలో చెల్లిస్తానని పత్రం రాసుకునే అప్పు పద్ధతి అక్కడ బలపడింది.

అంటే నిజమైన మధ్యయుగ సంతకు ప్రాణం కొలత, ముద్ర, పత్రం, తీర్పు. ఇప్పటి జాతరల్లో కమ్మరి ఉంటాడు, విదూషకుడు ఉంటాడు, డేగలను ఆడించేవాడు ఉంటాడు. రకరకాల నాణేల తూకం చూసే సరాఫు, బట్ట తానును మూరలతో కొలిచి ముద్ర వేసే తనిఖీదారు, బాకీ ఎగ్గొట్టినవాడి మీద విచారణ మాత్రం కనిపించవు. చూపించడం కష్టమేమీ కాదు, పైగా మంచి నాటకం ఉంది అందులో. దీన్ని పట్టించుకోకపోవడం ఈ జాతరల పెద్ద లోటు. మధ్యయుగమంటే కత్తి, గుర్రం, విందు అన్న ముద్ర అందుకే చెరగడం లేదు.

కనిపించనివాళ్లు ఇంకా ఉన్నారు. అప్పటి ఐరోపాలో అత్యధికులు రైతులు, వాళ్లలో ఎంతోమంది భూస్వామి అనుమతి లేకుండా ఊరు దాటే హక్కు లేనివాళ్లు. వేషాల్లో మాత్రం నైట్‌లకు, అంటే ప్రభువర్గపు గుర్రపు యోధులకు, కొదవ లేదు. రైన్ నది ఒడ్డున స్పైర్, వోర్మ్స్, మైన్జ్ పట్టణాల్లో గొప్ప విద్యాకేంద్రాలుగా వెలిగిన యూదుల వాడలు ఉండేవి. 1349లో ప్లేగు భయం ఎగదోసిన ఊచకోతల్లో ఈ పట్టణాలతో పాటు ఎర్ఫుర్ట్ యూదులూ బలయ్యారు. ఆ శతాబ్దాన్ని సంబరంగా జరుపుకునే సంతల్లో ఈ మాట ఎత్తేవి అరుదు.

ఎవరి అవసరానికి ఎవరి గతం

మధ్యయుగాన్ని మళ్లీ ఆడటం ఈ తరంతో మొదలవలేదు. 1838లో విక్టోరియా రాణి పట్టాభిషేకంలో ఖర్చు తగ్గించేందుకు పాత లాంఛనాలు కొన్ని ఎత్తేశారు. అది నచ్చని ప్రభువర్గంలో ఒకడైన ఎగ్లింటన్ ఎర్ల్, 1839 ఆగస్టులో స్కాట్లండ్‌లోని తన ఎస్టేటులో నైట్‌ల పోటీలు పెట్టాడు. లక్ష మంది దాకా వచ్చారంటారు. మొదటి రోజే కుంభవృష్టి కురిసి మైదానం బురదమయం అయింది. ఫ్యాక్టరీలూ రైళ్లూ సమాజాన్ని మార్చేస్తుంటే, తమ పెత్తనానికి ఎదురులేని కాలాన్ని తలచుకోవడం ఆ ప్రభువుల అవసరం.

లాండ్స్‌హూట్ కథ వేరు. 1475లో బవేరియా-లాండ్స్‌హూట్ ప్రభువు కుమారుడు గేయోర్గ్‌కూ పోలండ్ రాజకుమారి యాద్విగాకూ అక్కడ పెళ్లి జరిగింది. విందుకు 40 వేల కోళ్లు కోశారని పాత లెక్కలు చెబుతాయి. ఆ పెళ్లిని 1903నుంచి ఊరివాళ్లే మళ్లీ జరుపుతున్నారు, ఇప్పుడు నాలుగేళ్లకోసారి, రెండు వేలమందికి పైగా పాత్రధారులతో. విగ్గులు పెట్టుకోరు. మగవాళ్లు నెలల ముందునుంచీ జుట్టు పెంచుతారు, దాంతో ఆ ఏడాది బ్యాంకుల్లోనూ ఆఫీసుల్లోనూ భుజాల దాకా జుట్టున్న ఉద్యోగులు కనిపించినా ఎవరూ వింతగా చూడరు. చేతి గడియారం కనపడకూడదు, కళ్లజోడు కనపడకూడదు. ఒక ఊరు తన పిల్లలకు ఇంత ఓపిగ్గా ఓ సంప్రదాయాన్ని అందించడం మెచ్చుకోదగ్గది. అయితే ఊరేగింపు పెళ్లితోనే ఆగిపోతుంది. ఆ తర్వాత యాద్విగా ఎక్కువ కాలం భర్తకు దూరంగా బుర్గ్‌హౌజెన్ కోటలో గడిపి 1502లో చనిపోయింది. మరుసటి ఏడే గేయోర్గ్ పోయాడు. మగ వారసుడు లేకపోవడంతో రేగిన యుద్ధం బవేరియాలో ఊళ్లకు ఊళ్లను తగలబెట్టింది.

ఇటలీలో పాత ఊళ్ల ఆటలు చాలావరకు ముస్సోలినీ కాలంలో కొత్త హంగులతో మళ్లీ లేచాయి. ఫ్లోరెన్స్ బంతాట 1930లో, అరెత్సోలో గుర్రమెక్కి సారాసెన్ (ముస్లింలకు అప్పటి ఐరోపా పెట్టిన పేరు) బొమ్మను బల్లెంతో పొడిచే పోటీ 1931లో. వాడవాడకూ జెండా, ఊరికో ప్రాచీన ఘనత ఉండాలన్నది ఆ పాలనకు పనికొచ్చిన భావన. ఫాసిజం పోయింది, ఆటలు ఊరివాళ్ల సొంతమై నిలిచాయి.

ఈనాటి వ్యాపకానికి రూపమిచ్చింది మాత్రం 1960లు, 70లు. 1966లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో కొందరు మిత్రులు పెట్టుకున్న వేడుకనుంచి సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రోనిజం పుట్టి ఐరోపాకూ పాకింది. బ్రిటన్‌లో 17వ శతాబ్దపు అంతర్యుద్ధాన్ని ఆడేందుకు 1968లో సీల్డ్ నాట్ అనే సంఘం ఏర్పడింది, కొద్దికాలానికే వైకింగ్ బృందాలూ వచ్చాయి. తూర్పు ఐరోపాలో కమ్యూనిస్టు పాలనలు కూలిన 1989 తర్వాత గేట్లు తెరుచుకున్నట్టయింది. 2010లో ఉక్రెయిన్‌లోని ఖోతిన్ కోటలో దేశాల జట్లు నిండు కవచాలతో, నటన లేకుండా నిజంగానే కలబడే పోటీ మొదలైంది.

గ్రున్వాల్ద్ దగ్గర కాస్త ఆగాలి. 1410 జులై 15న పోలండ్, లిథువేనియా సేనలు ట్యుటానిక్ నైట్‌లనే జర్మన్ మతయోధుల సంఘాన్ని అక్కడ ఓడించాయి. వాళ్ల అధిపతి ఉల్రిక్ ఫాన్ యుంగింగెన్ నేలకొరిగాడు. 500 ఏళ్లు నిండిన 1910లో, పరాయి పాలనలో సొంత దేశమే లేని పోల్‌లు (పోలండ్ జనం) క్రాకోవ్‌లో ఆ విజయానికి స్మారకం కట్టారు. 1914లో రష్యా మీద గెలిచిన జర్మన్ సైన్యం, పాత ఓటమికి బదులు తీర్చుకున్నామని చాటడానికి ఆ గెలుపుకు టానెన్‌బెర్గ్ అనే పేరు పెట్టుకుంది. నాజీలు 1939లో పోలండ్‌ను ఆక్రమించగానే క్రాకోవ్ స్మారకాన్ని కూల్చారు. ఇంత పగ పేరుకున్న మైదానంలో 1998నుంచి ఏటా పోరును ఆడుతున్నారు. జర్మనీనుంచీ, లిథువేనియానుంచీ జనం వస్తారు. ట్యుటానిక్ నైట్‌ల తెల్ల అంగీలు తొడుక్కునే వాళ్లలో పోల్‌లు ఎందరో. ఏ ఏడూ ఫలితం మారదని అందరికీ తెలుసు. ఓడే పక్షాన నిలబడటానికి మనుషులు ఇష్టంగా ముందుకు రావడంలో ఒక విరుగుడు ఉంది.

విరుగుడు అన్నిచోట్లా పనిచేయదు. రూన్‌లనే పాత ఉత్తర ఐరోపా అక్షరాలనూ వైకింగ్ చిహ్నాలనూ నాజీలు వాడుకున్నారు, వాళ్ల వారసులు ఇంకా వాడుతున్నారు. వైకింగ్ బృందాలు అలాంటివాళ్లు తమలోకి చొరబడకుండా చూసుకోవాల్సి వస్తోంది. ప్రాచీన నగల మీద స్వస్తిక నిజంగానే ఉన్నా, ఆధారం చేతిలో ఉన్నా, దాన్ని జర్మన్ జాతరలో ధరించి తిరగకపోవడమే విజ్ఞత. 2014లో తూర్పు ఉక్రెయిన్‌లోని స్లోవియాన్స్క్‌ను సాయుధులతో ఆక్రమించిన ఇగోర్ గిర్కిన్ అంతకుముందు రష్యాలో చారిత్రక యుద్ధాల పునరభినయంలో ఏళ్ల తరబడి మునిగినవాడు. మలేషియా విమానం ఎంహెచ్17 కూల్చివేత కేసులో 2022లో డచ్ కోర్టు అతణ్ని దోషిగా తేల్చింది. ఈ వ్యాపకం ఉన్నవాళ్లంతా అలాంటివాళ్లని అనడం ఘోరమైన అన్యాయం. కానీ పోయిన సామ్రాజ్యం మీది మోహాన్ని యూనిఫాం తొడిగి పెంచుకునే చోటు కూడా ఇదే కాగలదని తెలిసి ఉండాలి.

ఆధారం కొన్నిసార్లు అందరి నమ్మకాలనూ ఒక్క దెబ్బకు కదిలిస్తుంది. ఆడవాళ్లు కవచం తొడిగి వరుసలో నిలబడొచ్చా అని ఈ బృందాల్లో దశాబ్దాలుగా వాదన నడిచింది. స్వీడన్‌లోని బిర్కాలో 1878లో తవ్విన ఒక వైకింగ్ కాలపు సమాధిలో కత్తి, గొడ్డలి, బాణాలు, రెండు గుర్రాలు ఉండటంతో అది మగ యోధుడిదేనని పండితులు నూరేళ్లకు పైగా రాస్తూ వచ్చారు. 2017లో డీఎన్ఏ పరీక్ష అది ఆడమనిషి అని తేల్చింది. ఆమె నిజంగా యుద్ధం చేసిందా అన్న చర్చ సాగుతోంది, కానీ పాత ధీమా మాత్రం పోయింది.

ఈ లోకానికి పక్కనే, ఫ్రాన్స్ బర్గండీలోని ట్రెన్యీ దగ్గర అడవిలో, 1997లో ఇంకో ప్రయత్నం మొదలైంది. మిషెల్ గియో చొరవతో గెదెలోన్ అనే కోటను 13వ శతాబ్దపు పద్ధతిలో కొత్తగా కడుతున్నారు. రాయి అక్కడి గనిలోదే, ఓక్ చెట్లు అక్కడి అడవివే. రాళ్లను పైకెత్తేది మనుషులు లోపల నడుస్తూ తిప్పే పెద్ద కొయ్య చక్రం. కొలతలకు ముడులు వేసిన తాడు. ఆసక్తితో వచ్చి కొన్నాళ్లు పనిచేసి వెళ్లే ఔత్సాహికులతో పాటు జీతం మీద పనిచేసే శిల్పులు, వడ్రంగులు, కమ్మరులు ఉన్నారు. ఏటా లక్షల్లో వచ్చే సందర్శకుల టికెట్లే దానికి ఆదాయం. వంపు కమాను కింద ఆసరా కొయ్యలు తీసేనాడు అది నిలుస్తుందో కూలుతుందో పుస్తకం చెప్పదు కాబట్టి, ప్రతి దశనూ పురావస్తు పండితులతో చర్చించి, చేసి చూసి నేర్చుకున్నారు.

2019 ఏప్రిల్ 15న పారిస్ నోత్ర్‌దామ్ చర్చి పైకప్పు కాలిపోయినప్పుడు, మధ్యయుగపు దూలాలను అలాగే తిరిగి చేయడం ఈ రోజుల్లో కుదరదని, ఉక్కో కాంక్రీటో వాడాలని గట్టిగా వాదించినవాళ్లున్నారు. గెదెలోన్ వడ్రంగులు పచ్చి ఓక్ దుంగలను గొడ్డళ్లతో చెక్కి దూలాలు చేసే పనిని అప్పటికే ఇరవై ఏళ్లుగా జనం కళ్లెదుటే చేస్తూ ఉన్నారు. కప్పు ఉన్నది ఉన్నట్టు కట్టాలని 2020లో నిర్ణయమయ్యాక అక్కడ పని నేర్చినవాళ్లు కొందరు ఆ పనిలో చేరారు. 13వ శతాబ్దపు నమూనాలో గొడ్డళ్లు ప్రత్యేకంగా కొట్టించారు, వెయ్యికి పైగా ఓక్ చెట్లు సేకరించారు. ఏ దూలం ఎంత పొడవు, ఏ అతుకు ఎలా కూర్చుంటుందో తెలిపే కొలతలు, అగ్ని ప్రమాదానికి అయిదేళ్ల ముందు 2014లో రేమి ఫ్రోమోన్, సెడ్రిక్ త్రాంతెసో అనే ఇద్దరు వాస్తుశిల్పులు ఆ కప్పులోకెక్కి తీసి ఉంచినవి. 2024 డిసెంబరులో చర్చి తలుపులు తెరిచారు.